జియాలజీ డిగ్రీ తీసుకోవచ్చా? చీపురుపల్లి అమ్మాయికి నా జవాబు

ముందు ప్రశ్నేమిటో చెబుతాను. చీపురుపల్లి పక్క పల్లె అమ్మాయి. ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతోనే పాసయింది, ఎంసెట్ ర్యాంకు మాత్రం చాలా దూరం పోయింది. నాన్న టెక్కలి వైపు నుంచి గ్రానైట్ బ్లాకులు తోలే లారీ డ్రైవరు. ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ చేర్పించేద్దాం అని మేనమామ పట్టుబడుతున్నాడు. అమ్మాయికేమో బీఎస్సీ జియాలజీ మీద మనసు. "రాళ్ళ చదువుకి ఉద్యోగాలుంటాయా? ఆడపిల్ల కొండలూ క్వారీలూ తిరగ్గలదా? ఇంటికి దగ్గర్లో చదువుకోవచ్చా?" అని అడుగుతోంది.

చదువుకో తల్లీ. కాకపోతే మూడేళ్ళ లెక్క వేసుకుని రాకు, ఐదేళ్ళ లెక్క వేసుకుని రా. నేను ఈ జిల్లాలోనే పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి, ఇరవై ఏళ్ళకి పైగా భూగర్భ జలాల పనిలోనూ ఖనిజ అన్వేషణలోనూ తిరిగినదాన్ని. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఏమిటంటే, మన దేశంలో బీఎస్సీ జియాలజీ ఒక్కటే చదివినవాళ్ళని జియాలజిస్టు అని ఎవరూ పిలవరు. జియలాజికల్ సర్వే అయినా, కేంద్ర భూగర్భ జల బోర్డు అయినా, ఓఎన్‌జీసీ అయినా పీజీ అడుగుతాయి. పెద్ద గనుల్లో జియాలజిస్టుని పెట్టుకోవాలని నిబంధనలున్నాయి, అక్కడా పీజీ ఉన్నవాళ్ళనే తీసుకుంటారు. ఈ మాట డిగ్రీలో చేరేరోజు ఎవరూ చెప్పరు. మూడో ఏడు అయ్యాక ఉద్యోగాల కోసం వెతికినప్పుడు తెలుస్తుంది, అప్పుడు ఇంట్లో గొడవలు మొదలవుతాయి. అందుకే మీ నాన్నకీ మేనమామకీ ఇప్పుడే చెప్పెయ్: ఇది ఐదేళ్ళ కోర్సు, మధ్యలో ఒక ఎంట్రన్సు ఉంటుంది.

అలాగని బీఎస్సీతో ఏ దారీ లేదని కాదు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకి డిగ్రీలో ఉండాల్సిన సబ్జెక్టుల్లో జియాలజీ ఒకటి, పీజీ అక్కర్లేదు. సివిల్స్‌లో ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. గ్రూప్స్‌కి ఏ డిగ్రీ అయినా ఒకటే. హైదరాబాద్‌లో జీఐఎస్ మ్యాపింగ్ కంపెనీలు డిగ్రీ పిల్లల్ని తీసుకుంటాయి, కానీ అది రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని గీతలు గీసే పని. అందులో జియాలజీ తక్కువ. ఇక స్కూలు టీచరు కావాలన్న ఆలోచన మనసులో ఏ మూలనైనా ఉంటే ఈ వైపు రాకు. బడిలో జియాలజీ అనే సబ్జెక్టే లేదు, రేపు బీఈడీ దగ్గర ఇబ్బంది పడతావు.

ఇందులో ఏం చదువుతారన్నది చెబుతాను. రాళ్ళ పేర్లు బట్టీ పట్టడం అని చాలామంది అనుకుంటారు. మొదటి ఏడాది కొంత అలాగే ఉంటుంది కూడా. ఖనిజాల గట్టిదనం, రంగు, గీత, పగిలే తీరు, స్ఫటికాల ఆకారాలు చెబుతారు. చెక్కతో చేసిన స్ఫటికాల నమూనాలు చేతికిచ్చి ఇందులో సౌష్ఠవ అక్షాలెన్ని అని అడుగుతారు. అక్కడే సగంమంది భయపడతారు. నువ్వు ఎంపీసీ కాబట్టి నీకది కష్టం కాదు. అసలు సరదా మైక్రోస్కోపు దగ్గర మొదలవుతుంది. రాతిని కోసి, గాజు పలక మీద అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీస్తారు. అంత పలచబడితే నల్లరాయి లోంచి కూడా వెలుగు దూరుతుంది. దాన్ని పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద పెట్టి స్టేజి తిప్పితే ఒక్కో ఖనిజం ఒక్కోలా మారుతుంది. క్వార్ట్జ్ బూడిదరంగు నుంచి నలుపుకి పోయి మళ్ళీ వస్తుంది. సిల్లిమనైట్ సన్నటి సూదుల్లా రంగురంగులుగా మెరుస్తుంది. గార్నెట్ మాత్రం నువ్వు ఎంత తిప్పినా నల్లగానే ఉంటుంది, దాని స్ఫటిక నిర్మాణం అలాంటిది. ఈ మూడూ పక్కపక్కనే కనిపించిన పలక చేతిలో ఉంటే, అది దాదాపుగా మన ఇళ్ళ వెనక కొండదే అనుకో.

రెండో ఏడాది, మూడో ఏడాదిలో రాళ్ళ పుట్టుక, పొరల మడతలు, శిలాజాలు, స్తరాల వరస, ఖనిజ నిక్షేపాలు, భూగర్భ జలాలు, రిమోట్ సెన్సింగ్ వస్తాయి. శిలాజాల పేపరు నాకెప్పుడూ నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. మన రెండు జిల్లాల్లో ఉన్న రాళ్ళు దాదాపు అన్నీ జంతువులు పుట్టకముందువి కావడం ఒక కారణం కావచ్చు. స్ట్రక్చరల్ జియాలజీని మాత్రం వదలకు. మ్యాపు మీద కాంటూరు గీతల (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతల) మధ్య ఒక పొర ఎటు వాలి, ఎంత లోతుకి పోతుందో గీసి చూపించడం వస్తే, నీకు రేపు గనిలోనూ బోరు దగ్గరా డ్యామ్ పునాది దగ్గరా పని దొరుకుతుంది. ఆ లెక్కలు తప్పించుకుని పాసయినవాళ్ళు ఎమ్మెస్సీలో ఏడుస్తారు.

ఇక మన ప్రాంతం సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఏమనుకోకు. జియాలజీ డిగ్రీ చదివే పిల్లకి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కంటే మంచి ల్యాబ్ దొరకడం కష్టం.

మీ చీపురుపల్లి, గరివిడి, గర్భాం చుట్టుపక్కల మాంగనీస్ గనుల గోతులు నువ్వు చిన్నప్పట్నుంచీ చూసే ఉంటావు. మన దేశంలో మాంగనీస్ తవ్వకం 1890ల మొదట్లో ఈ చుట్టుపక్కలే మొదలైంది. జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఫెర్మర్ అనే ఆయన దేశంలోని మాంగనీస్ నిక్షేపాలన్నిటి మీదా 1909లో పెద్ద నివేదిక రాశాడు. మీ దగ్గర కోడూరు గనిలో దొరికిన ఒక వింత రాతికి కోడూరైట్ అని పేరు పెట్టిందీ ఆయనే. పొటాష్ ఫెల్డ్‌స్పార్, మాంగనీస్ ఉన్న గార్నెట్, అపటైట్ కలిసిన రాయి అది. ప్రపంచంలో ఎక్కడ జియాలజీ చదివేవాళ్ళయినా ఆ పేరు వింటే మీ ప్రాంతం పేరు విన్నట్టే. ఫెర్మర్ దాన్ని లోపలి నుంచి కరిగి పైకొచ్చిన అగ్నిశిల అన్నాడు. తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది ఒప్పుకోలేదు. ఒకప్పటి మాంగనీస్ అవక్షేపాలు లోతుకి పోయి, వేడికీ ఒత్తిడికీ రూపాంతరం చెంది, కరిగిన పదార్థంతో కలిసి అలా అయ్యాయని వాదించారు. ఈ వాదన ఎటు తేలాలన్నా చివరికి ఆ గోతుల దగ్గరికే వెళ్ళి చూడాలి.

ఇందులో నీకు పనికొచ్చే కిటుకు ఒకటుంది. కోడూరైట్‌లో అపటైట్ ఉందన్నాను కదా. అపటైట్ అంటే కాల్షియం ఫాస్ఫేట్, మన పళ్ళలోనూ ఎముకల్లోనూ ఉండే జాతి ఖనిజమే. ఆ రాయి లక్షల ఏళ్ళు వానకి నాని, కుళ్ళి, మాంగనీస్ ఒకచోట పోగుపడినప్పుడు ఫాస్ఫరస్ కూడా దాంతోపాటే కొంత ఉండిపోయింది. ఆ ఖనిజాన్ని కొలిమిలో వేసి, ఉక్కు తయారీలో కలిపే ఫెర్రో మాంగనీస్ తీస్తే ఫాస్ఫరస్ చాలావరకు లోహంలోకే వెళుతుంది. ఉక్కులో ఫాస్ఫరస్ ఎక్కువైతే అది పెళుసెక్కి పగులుతుంది. అందుకే మన వైపు మాంగనీస్‌కి ఫాస్ఫరస్ ఎక్కువన్న పేరు పడింది. ఫాస్ఫరస్ తక్కువ ఉన్న వేరే ప్రాంతాల ఖనిజంతో కలిపితే తప్ప సరైన ధర పలకదు. చూశావా, ఒక ఖనిజం పేరు తెలిస్తే గనిలో రేటు ఎందుకు పడిందో చెప్పొచ్చు. జియాలజిస్టుకి జీతమిచ్చేది ఇలాంటి మాట చెప్పగలిగినందుకే, రాయిని చూసి పేరు చెప్పినందుకు కాదు.

కొండల సంగతికి వద్దాం. తూర్పు కనుమల్లో మన వైపు ఎక్కువగా కనిపించేవి ఖోండలైట్, చార్నోకైట్, నైస్‌లు. ఎర్రగా, పొరలు పొరలుగా, చేత్తో నలిపితే పొడయ్యేలా కనిపించే మెట్ట ఉంటే అది చాలావరకు ఖోండలైట్. కోణార్క గుడి కట్టింది ఈ రాయితోనే. ఇది పుట్టుకతో సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి బురద. అదే పాతిక ముప్పై కిలోమీటర్ల లోతుకి దిగి, బాగా వేడెక్కి, గార్నెట్, సిల్లిమనైట్, అక్కడక్కడా గ్రాఫైట్‌తో రాయైంది. అనంతగిరి, పాడేరు వైపు కొన్ని రాళ్ళు 900 డిగ్రీల సెల్సియస్ పైన వేడి చూశాయని వాటిలోని ఖనిజాలు చెబుతాయి. సుమారు 100 కోట్ల ఏళ్ళ కింద మన కొండలూ తూర్పు అంటార్కిటికా తీరమూ ఒకే పర్వత శ్రేణి. దాదాపు 13 కోట్ల ఏళ్ళ కిందట విడిపోయాయి. అంటార్కిటికాలో తిరిగి వచ్చిన జియాలజిస్టుకి సాలూరు ఘాట్ రోడ్డు పరాయిగా అనిపించదు.

వీటిలో పొరలు ఎటు సాగుతున్నాయో కంపాస్ పెట్టి చూస్తే ఎక్కువచోట్ల ఈశాన్యం నుంచి నైరుతికి వస్తాయి. మన తీరం సాగేదీ దాదాపు అదే దిక్కు. వాలు ఎక్కువచోట్ల ఆగ్నేయానికి, కాస్త నిటారుగా ఉంటుంది. డిగ్రీ మొదటి ఏడాదిలో నీ ఊరి మెట్ట మీద నువ్వే కొలిచి చూసుకోవచ్చు. వేరే దిక్కు వస్తే కంగారు పడకు. అక్కడ మడత ఉందేమో, లేక నువ్వు దొర్లిపడిన బండ మీద పెట్టి కొలిచావేమో చూసుకో. రెండోదే ఎక్కువసార్లు జరుగుతుంది.

ఆ కొండలు కుళ్ళి, వాటిలోని బరువైన ఖనిజాలు వంశధార, నాగావళి, ఇంకా చిన్నా చితకా గెడ్డలు పట్టుకుని సముద్రానికి పోతాయి. అలలు తేలిక ఇసుకని వెనక్కి లాగేసి బరువైనదాన్ని ఒడ్డున వదిలేస్తాయి. కళింగపట్నం బీచ్‌లో వానాకాలం తర్వాత ఇసుకలో నల్ల చారలు కనిపిస్తాయి కదా, అవే. ఒక గుప్పెడు తీసుకుని తెల్ల కాగితం మీద పోసి హ్యాండ్ లెన్స్‌తో చూడు. నల్లగా మెరిసేది ఎక్కువగా ఇల్మనైట్, గులాబీ ఎరుపు గింజలు గార్నెట్, రంగులేని పొడుగు గింజల్లో సిల్లిమనైట్ ఉంటుంది. జిర్కాన్, రూటైల్, మోనజైట్ తక్కువ. మోనజైట్‌లో థోరియం ఉంటుంది కాబట్టి ఈ ఇసుక వ్యవహారం అణు ఇంధన శాఖ చేతిలోకి వస్తుంది. దాన్ని వెతికే అటమిక్ మినరల్స్ డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. మన తీరంలో చదివినవాళ్ళకి ఆ ఇంటర్వ్యూలో మాట్లాడేందుకు బోలెడంత సరుకుంటుంది.

మీ నాన్న తోలే బ్లాకుల్లో నీలం గ్రానైట్ ఉంటే ఈసారి దగ్గర్నుంచి చూడు. లేత రంగు చారలు, ముదురు రంగు చారలు ఒకదాంట్లో ఒకటి మెలికలు తిరిగి ఉంటాయి. రాయి సగం కరిగి, సగం కరగకుండా ఉన్నప్పుడే పిండినట్టు మెలిపడిన గుర్తు అది. క్వారీవాళ్ళు దాన్ని గ్రానైట్ అనే అమ్ముతారు, మనం మిగ్మటైట్ అంటాం. ఇటలీ వంటగదిలో గట్టు మీద పరిచేవాళ్ళకి ఏ పేరైనా ఒకటే అనుకో.

నీళ్ళ గురించి చెప్పకపోతే నా పని గురించి చెప్పనట్టే. మన పల్లెల్లో బోరు వేసే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచే పెద్దమనిషిని పిలుస్తారు. కాయ లేచి నిలబడినచోట తవ్వుతారు. నేను ఆయనతో గొడవ పెట్టుకోను. రైతు మమ్మల్నిద్దర్నీ పిలిచిన సందర్భాలూ ఉన్నాయి. మేం చేసేది రెసిస్టివిటీ సర్వే. నేలలో నాలుగు ఇనప కడ్డీలు గుచ్చి, బయటి రెండింటి నుంచి కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తాం. బయటి కడ్డీలు దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. తడి ఉంటే నిరోధం తగ్గుతుంది, గట్టి రాయి అయితే పెరుగుతుంది. ఇంతవరకు పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో లేనిదేమిటంటే, మన ఖోండలైట్ కుళ్ళితే బంకమన్ను అవుతుంది. బంకమన్ను కూడా నిరోధం తక్కువే చూపిస్తుంది. అందులో నీరుంటుంది కానీ బయటికి రాదు. తీరం దగ్గరైతే ఉప్పునీరు ఇంకా తక్కువ చూపిస్తుంది. అంకె చూసి మురిసిపోయి పాయింటు పెడితే రైతు డబ్బు బురదపాలు. చుట్టుపక్కల నూతుల లోతు, పాత బోర్ల చరిత్ర, గెడ్డ వాలు, పగుళ్ళ దిక్కు చూసుకున్నాకే అంకెకి అర్థం చెప్పాలి. తీరంలో ఇంకొక లెక్క ఉంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే, కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైన ఒక మీటరు లాగేస్తే కింద నుంచి ఉప్పు ఎంత ఎక్కివస్తుందో నువ్వే లెక్కేసుకో.

ఉద్దానం గురించి కూడా ఒక మాట. అక్కడి కిడ్నీ జబ్బు మీద ప్రాజెక్టు చేస్తాం అని డిగ్రీ పిల్లలు ఏటా అడుగుతారు. చెయ్యండి, మంచిదే. కానీ నాలుగు బోర్ల నీళ్ళు పరీక్ష చేసి నీళ్ళే కారణం అని ఆఖరి పేజీలో రాసేయకండి. ఎన్నో ఏళ్ళుగా డాక్టర్లూ, జియాలజిస్టులూ పరిశోధనలు చేస్తున్నా ఒకే ఒక్క కారణం అని తేలలేదు. నీటిలో ఏముందో చెప్పడం మన పని. అది ఒంట్లో ఏం చేస్తుందో చెప్పడం వాళ్ళ పని.

సరే, ఎక్కడ చదవాలి? రాష్ట్రంలో డిగ్రీ అడ్మిషన్లు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ద్వారా జరుగుతాయి. జియాలజీ అన్ని కాలేజీల్లోనూ ఉండదు, ఉన్నచోట సీట్లు నిండకపోతే కోర్సు ఎత్తేసిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి అన్నయ్యో అక్కో చదివిన కాలేజీ అని వెళ్ళిపోకుండా ఈ ఏడాది జాబితాలో జియాలజీ మేజర్ ఎక్కడుందో చూసుకో. విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో జియాలజీ విభాగం ఉంది. పేరు గిరిజన విశ్వవిద్యాలయమైనా మిగతావాళ్ళూ చేరొచ్చు. దానికి సీయూఈటీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష) రాయాలి, ఈ ఏడాది దాటిపోతే వచ్చే ఏడాదికి గుర్తుపెట్టుకో. విశాఖ నీకు రైల్లో పోయివచ్చే దూరం, అక్కడి పాత కాలేజీల్లోనూ అడుగు. కాలేజీకి వెళితే ప్రిన్సిపాల్ గది కంటే ముందు జియాలజీ ల్యాబ్ చూపించమను. మైక్రోస్కోపులు పనిచేస్తున్నాయా, రాళ్ళ నమూనాల మీద చీటీలు ఉన్నాయా, పోయినేడాది పిల్లల్ని ఫీల్డ్‌కి ఎక్కడికి తీసుకెళ్ళారు? ఈ మూడూ అడిగితే చాలు, ఆ డిపార్ట్‌మెంటు ప్రాణంతో ఉందో లేదో తెలిసిపోతుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీ సింగిల్ మేజర్ పద్ధతికి మారింది. మా రోజుల్లో మూడు సబ్జెక్టులు సమానంగా చదివేవాళ్ళం, ఈ పద్ధతిలో ఒకటి మేజర్ (ప్రధాన సబ్జెక్టు), ఒకటి మైనర్ (తోడు సబ్జెక్టు). మైనర్‌గా ఏది సులువో అని చూడకు. కెమిస్ట్రీ గానీ ఫిజిక్స్ గానీ తీసుకో. ఎందుకంటే కొన్ని ఐఐటీలు జియాలజీ ఎమ్మెస్సీకి, జియాలజీతోపాటు మేథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో ఏవైనా రెండు సబ్జెక్టులు డిగ్రీలో చదివి ఉండాలని అడుగుతుంటాయి. ఎక్కడ ఎలా ఉందో ఆ ఏడాది బ్రోచర్‌లో చూసుకోవాలి. చేరాక తెలుసుకుంటే మార్చుకోలేవు.

మూడో ఏడాదిలో రాయాల్సినవి రెండు. ఐఐటీల కోసం జామ్ జియాలజీ పేపరు, రాష్ట్రంలోని యూనివర్సిటీల కోసం పీజీసెట్. ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ విభాగం 1940ల నుంచి ఉంది, మన కొండల మీద జరిగిన పనిలో చాలా భాగం అక్కడివాళ్ళదే. జామ్‌లో రాకపోతే బతుకు పోయినట్టేమీ కాదు. ఎమ్మెస్సీ తర్వాత యూపీఎస్‌సీ వాళ్ళ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంటుంది. ప్రిలిమ్స్ 400, మెయిన్స్ 600, ఇంటర్వ్యూ 200 మార్కులు. వయసు 21 నుంచి 32, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి సడలింపు. జియలాజికల్ సర్వేలో జియాలజిస్టుగా చేరితే ఏడో వేతన సంఘం లెక్కన మూల వేతనమే 56,100. పోస్టులు ఒక ఏడాది బాగా ఉంటాయి, ఇంకో ఏడాది బొత్తిగా ఉండవు. అందుకే దానితోపాటు గేట్ కూడా రాయి. కోల్ ఇండియా, ఓఎన్‌జీసీ లాంటివి గేట్ స్కోరు మీద తీసుకుంటుంటాయి. పరిశోధన మీద ఆసక్తి కలిగితే సీఎస్ఐఆర్ నెట్ ఉంది, హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఉంది.

ప్రైవేటులో ఇప్పుడు పని దొరుకుతోంది, దాచడమెందుకు. లిథియం, రేర్ ఎర్త్‌లు అని ప్రభుత్వం అన్వేషణకి డబ్బు పెడుతోంది, గుర్తింపు ఉన్న ప్రైవేటు ఏజెన్సీలకీ బ్లాకులు ఇస్తోంది. వాళ్ళకి డ్రిల్లింగ్ రిగ్గు దగ్గర నిలబడి, బయటికొచ్చిన కోర్‌ని (గుండ్రటి రాతి కడ్డీని) పెట్టెల్లో వరసగా పేర్చి, మీటరు మీటరుకీ ఏముందో రాసే జియాలజిస్టులు కావాలి. మొదటి రెండేళ్ళు జీతం తక్కువ, కాంట్రాక్టు, ఊరు తెలియని రాష్ట్రంలో క్యాంపు. కానీ ఆ రెండేళ్ళు కోర్ చూసినవాళ్ళకి తర్వాత ఎదురుండదు. ఇంటి దగ్గరే ఉండాలి, పదింటికి వెళ్ళి ఐదింటికి రావాలి అంటే మాత్రం ఈ చదువు నీకు పడదు. నిజాయతీగా ఆలోచించుకో.

ఆడపిల్ల సంగతి అడిగావు. 1952 గనుల చట్టం ప్రకారం ఆడవాళ్ళు భూమి లోపలి గనుల్లో పనిచేయకూడదని, పైగనుల్లోనూ రాత్రి షిఫ్టు కుదరదని ఉండేది. నేను ఎమ్మెస్సీ అయ్యేనాటికి అదే పరిస్థితి, ఇంటర్వ్యూకి వెళితే అదొక వంకగా చెప్పేవాళ్ళు. 2019లో కేంద్రం దాన్ని సడలించింది. పైగనుల్లో రాత్రి కూడా, లోపలి గనుల్లో టెక్నికల్, సూపర్‌వైజర్ పనుల్లో పగటిపూట, ఆడవాళ్ళ రాతపూర్వక అంగీకారంతో, రక్షణ ఏర్పాట్లతో పెట్టుకోవచ్చని చెప్పింది. కాబట్టి ఇప్పుడు ఎవరైనా రూలు ఒప్పుకోదు అంటే వాళ్ళకి రూలు తెలియదు. ఇక కొండ ఎక్కడం అనేది అలవాటు. జీడిమామిడి తోటల్లో పిక్కలేరే మన అమ్మలు ఎక్కని మెట్టలా? నిజమైన ఇబ్బంది బాత్రూమ్. రోజంతా ఫీల్డ్‌లో ఉంటే ఎక్కడా ఉండదు. ఆ భయంతో నీళ్ళు తాగడం మానేసే అమ్మాయిల్ని చాలామందిని చూశాను, ఆ పని మాత్రం చెయ్యకు. పొద్దున్నే బయల్దేరి, దారిలో బడి గానీ పంచాయతీ ఆఫీసు గానీ ఎక్కడుందో చూసి పెట్టుకో. ఒంటరిగా వెళ్ళకు, అది మగపిల్లలకీ వర్తిస్తుంది. టీచరు ఫీల్డ్‌కి ఆడపిల్లల్ని వదిలేసి మగపిల్లల్ని తీసుకెళతానంటే గట్టిగా అడుగు. ఫీల్డ్ రిపోర్టుకి నీకూ మార్కులున్నాయి.

మేనమామకి ఏం చెప్పాలి అంటావా? సీఎస్‌ఈ చెడ్డదని చెప్పకు, అది చెడ్డది కాదు. నీకు కోడింగ్ మీద ఏ ఆసక్తీ లేకుండా, అప్పు చేసి, నాలుగేళ్ళు అతికష్టంగా లాగడం కంటే ఇది చవక అని చెప్పు. ఫీజులో మిగిలే డబ్బు ఎమ్మెస్సీకి, కోచింగ్‌కి వస్తుంది. అలాగే కంప్యూటర్‌ని పూర్తిగా వదలకు. క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, కొద్దిగా పైథాన్ నేర్చుకుంటే ఎమ్మెస్సీలో అందరికంటే ముందుంటావు. అందులో నువ్వు మేనమామ మాట కూడా కొంత విన్నట్టే.

కాలేజీ తెరిచేలోపు పది రెట్లు పెద్దగా చూపించే హ్యాండ్ లెన్స్ ఒకటి కొనుక్కో, కొన్ని వందల్లో వస్తుంది. సుత్తి, కంపాస్ కాలేజీవాళ్ళే ఇస్తారు, ఇప్పుడే డబ్బు తగలెయ్యకు. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో (ఎత్తుపల్లాలు చూపించే మ్యాపుల్లో) చీపురుపల్లి 65 ఎన్ డిగ్రీ షీటులో, పాత నంబరు ప్రకారం 65 ఎన్/11లో వస్తుంది. ఆన్‌లైన్‌లో దింపుకుని నీ ఊరు, చెరువు, మెట్టలు అందులో గుర్తుపట్టు. ఏరిన ప్రతి రాయి మీదా నంబరు వేసి, ఎక్కడ దొరికిందో నోటు పుస్తకంలో రాయి. చోటు తెలియని రాయి పనికిరాదు. పాత మాంగనీస్ గోతుల అంచుల దగ్గరికి పోకు, మట్టి కట్టలు ఉన్నట్టుండి జారతాయి. నడుస్తున్న క్వారీకైతే మీ నాన్న చేత మేనేజరుని అడిగించి, ఆ రోజు బ్లాస్టింగ్ ఎన్నింటికో కనుక్కున్నాకే వెళ్ళు. కౌన్సెలింగ్‌లో నీకు వచ్చిన కాలేజీ పేరు, అక్కడ ఇస్తున్న మైనర్ల జాబితా ఇక్కడే కింద రాయి. ఏది తీసుకోవాలో అవి చూసి చెబుతాను.